పార్కు బెంచీ మీద మా నాన్న

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన లేఖ చదివాను. పార్కుల్లో, బస్‌స్టాపుల్లో, మెట్ల మీద కూర్చుని తాగేవాళ్లను ఎక్కడ దొరికితే అక్కడే పట్టుకుని లోపలేయాలని రాశారు. "ఒక్క రాత్రి లాకప్‌లో పడుకుంటే జన్మలో మళ్లీ సీసా ముట్టరు" అని కూడా అన్నారు. ఆ వాక్యం చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. కాసేపటికి మళ్లీ తీసి చదివాను. ఆయన చెప్పిన ఆ ఒక్క రాత్రి సంగతి నాకు కొంత తెలుసు, అందుకే ఈ ఉత్తరం.

ఇరవై మూడేళ్లుగా క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అంతకు చాలా ముందు, నా ఎనిమిదో ఏట నుంచి పదమూడో ఏట దాకా, నాకు ఇంకో డ్యూటీ ఉండేది. చీకటి పడే వేళకు పార్కుకెళ్లి, బెంచీ మీద తాగి కూర్చున్న మా నాన్నను ఇంటికి తీసుకురావడం. అన్నయ్యను పంపితే నాన్నకు కోపం. అమ్మ వెళ్తే నలుగురిలో తలవంపులు. నేనైతే చిన్నపిల్లను కదా, చెయ్యి పట్టుకుంటే మాట్లాడకుండా లేచి వచ్చేవాడు.

ముందే చెప్పేస్తాను. బహిరంగ ప్రదేశాల్లో తాగడానికి చట్టం హద్దు పెట్టాల్సిందే. అందులో ఆ పాఠకుడికీ నాకూ పేచీ లేదు. పట్టుకున్న మనిషిని ఆ తర్వాత ఏం చేయాలన్న దగ్గరే మా దారులు వేరు.

నాన్న గొడవపడే మనిషి కాదు. వాటర్ బాటిల్లో కలిపి తెచ్చుకునేవాడు. అసలు సీసా పక్కనే పేపరు కింద ఉండేది. ఏమనుకోకండి, చాలాసార్లు దాన్ని కప్పింది మీ పేపరే. ఆ బెంచీ మీద ఇంకో ఇద్దరు కూర్చునేవారు. ఒకాయన రిటైరైన టైపిస్టు, నన్ను చూడగానే నోరు మూసుకుని పక్కకు తిరిగేవాడు, వాసన రాకూడదని. ఇంకొకతనికి ఇల్లు లేదు. అతని సంగతి తర్వాత చెప్తాను.

నాన్న ఇంట్లో ఎందుకు తాగడో అమ్మను అడిగితే, "మీరు చూస్తారని" అనేది. మేం ఇద్దరం చూడకూడదని ఆయన వెళ్లి కూర్చున్న చోట మా స్కూలు పిల్లలంతా చూసేవాళ్లు. ఆ బెంచీకి ఎదురుగానే జారుడుబండ. నా క్లాసు అమ్మాయిలు అక్కడ ఆడుకుంటూ ఉంటే నేను చెట్ల వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్లి నాన్న చెయ్యి పట్టుకునేదాన్ని. ఎంత చుట్టు తిరిగినా తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం వాళ్ల ముందు నుంచే రావాలి. గేటు ఒకటే.

ఆ ముగ్గురూ ఎవరినీ ఏమీ అనలేదు. ఒక్క తిట్టు కూడా నేను వినలేదు. అయినా ఏడాది తిరిగేసరికి సాయంత్రాలు ఆ వైపు పిల్లల్ని తీసుకురావడం తల్లులు మానేశారు. జారుడుబండ మీద ఎండుటాకులు పడి అలాగే ఉండేవి. పార్కును ఎవరూ లాక్కోలేదు. ముగ్గురు మనుషులు రోజూ ఒకే చోట కూర్చుని తాగారు, అంతే. అది చాలింది.

"ఎవరికీ హాని చేయకుండా ఓ మూల కూర్చుని తాగితే మీకేం నష్టం" అని అడిగేవాళ్లుంటారు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. దానికి నా దగ్గరున్న జవాబు ఒక బస్ షెల్టరు. సెకండ్ షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకు బస్సు కోసం నిలబడేదాన్ని. వానాకాలం. షెల్టరులో ముగ్గురు కుర్రాళ్లు, కాళ్ల దగ్గర సీసాలు. నన్ను చూసి ఒకతను లేచి, "కూర్చోండి మేడం, తడుస్తున్నారు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను మాత్రం బస్సు వచ్చేదాకా బయటే తడుస్తూ నిలబడ్డాను. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. కానీ రెండో సీసా అయ్యాక అదే మర్యాద ఉంటుందో లేదో రాత్రి పదిన్నరకు ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషి పరీక్ష పెట్టి చూడలేదు కదా. ఆ షెల్టరు కట్టింది తడవకుండా బస్సు కోసం నిలబడటానికి. ఆ పనికి అక్కడికి వచ్చినవాళ్లు తడిశారు. హద్దు ఉండాలని నేననేది ఇందుకే. ఇక తాగాక బండెక్కేవాళ్ల సంగతి వేరే చట్టం చూసుకుంటుంది, దాన్ని ఇందులోకి లాగను.

గాజు సంగతి మాత్రం వదలను.

ఒకసారి ఏడేళ్ల బాబును ఎత్తుకొచ్చారు. తల్లి చున్నీ చుట్టిన పాదం, చున్నీ అంతా తడి. మెత్తటి గడ్డి కదా అని చెప్పులు విప్పించి పరిగెత్తమందట. ఆ మాటే పదిసార్లు చెప్పింది, ఎవరూ అడగకపోయినా. సెలైన్‌తో కడుగుతుంటే రెండు ముక్కలు వాటంతటవే వచ్చేశాయి. మూడోది లోపలుంది. బీరు సీసాలది ముదురు గోధుమరంగు గాజు. గాయంలో గడ్డకట్టిన రక్తం, ఆ గాజు, రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. ఫోర్సెప్స్ (ముక్కలు తీసే పట్టకారు) కొస తగిలినప్పుడు వచ్చే చిన్న చప్పుడును బట్టే తేడా తెలుస్తుంది. ఎక్స్-రే తీయించాం. గాజు ఎక్స్-రేలో పడుతుంది, చాలామంది పడదనుకుంటారు. మడమ ఎముకకు దగ్గరగా గోధుమ గింజంత తెల్లటి మచ్చ. ఆ బాబు ఏడవలేదు. పైకి చూస్తూ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి, వాటినే మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు.

ఆ సీసా ఎవరు పగలగొట్టారో ఎప్పటికీ తెలియదు. వారం ముందు పగిలిందో, నెల ముందో. తాగినవాడు మత్తు దిగి ఇంటికెళ్లిపోతాడు, గాజు మాత్రం గడ్డిలోనే ఉండిపోతుంది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరంలో వీధుల్లో నడుస్తూ తాగడానికి అనుమతి ఉంది, ఆ ఊరు దానికే పేరు. అక్కడ కూడా గాజు సీసాతో వీధిలోకి రాకూడదు, ప్లాస్టిక్ కప్పులో పోసుకుని రావాలి. తాగడంలో అంత ఉదారంగా ఉన్న ఊరే గాజు దగ్గర ఒప్పుకోలేదు. నన్నడిగితే ఏ చట్టమైనా మొదట రాయాల్సిన వాక్యం అదే: బహిరంగ ప్రదేశంలో తెరిచిన గాజు సీసా కనిపించకూడదు. ఖాళీ సీసా తిరిగిచ్చినవాళ్లకు డిపాజిట్ వెనక్కిచ్చే పద్ధతి ఉన్న దేశాల్లో పారేసిన సీసాను ఎవరో ఒకరు ఏరుకెళ్లి డబ్బు చేసుకుంటారు. మాలాంటివాళ్లకు ఫోర్సెప్స్ పట్టే పని కొంత తగ్గుతుంది.

ఇక హద్దు ఎలా పెట్టాలి? అంతటా, అన్ని వేళలా నిషేధం అంటే వినడానికి బాగుంటుంది. దాన్ని అమలు చేయాలంటే ప్రతి చెట్టు కింద ఒక పోలీసు కావాలి. పెట్టి చూసినవాళ్లు చాలామంది చోటును బట్టో, వేళను బట్టో పెట్టారు. లండన్‌లో 2008 జూన్ 1 నుంచి మెట్రో రైళ్లలో, బస్సుల్లో తాగడం నిషేధించారు. అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్. ఆ ముందు రాత్రి "ఇదే ఆఖరు" అంటూ వేలమంది రైళ్లలోకి ఎగబడి తాగారు, కొన్ని స్టేషన్లు మూసేయాల్సి వచ్చింది, అరెస్టులు జరిగాయి. చదివితే నవ్వొస్తుంది కానీ, తలుపులు మూసిన పెట్టెలో, దిగే వీల్లేని చోట, పక్కవాడి తాగుడు భరించాల్సిన అవసరం ఎవరికీ లేదన్న ఆ నియమం సబబైనదే. సింగపూర్‌లో 2013 డిసెంబర్ 8న లిటిల్ ఇండియాలో జరిగిన అల్లర్ల తర్వాత కొత్త చట్టం వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి రాత్రి పదిన్నర మొదలు ఉదయం ఏడు దాకా బహిరంగ ప్రదేశాల్లో తాగకూడదు. మిగతా వేళల్లో దేశమంతటా నిషేధం పెట్టలేదు. టోక్యోలో షిబుయా వార్డు 2024 అక్టోబర్ నుంచి స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజామున ఐదు దాకా తాగొద్దంది. దానికి జరిమానా లేదు. గస్తీవాళ్లు వచ్చి ఆపమని అడుగుతారు, అంతే.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇంగ్లండ్‌లో 2014 చట్టం కింద పెట్టే హద్దు. స్థానిక కౌన్సిల్ ఒక ప్రాంతాన్ని గుర్తించి ఉత్తర్వు ఇస్తుంది. అక్కడ ఎవరైనా తాగుతుంటే ఆపమని, సీసా ఇచ్చేయమని అడిగే అధికారం పోలీసుకు ఉంటుంది. తాగినంత మాత్రాన నేరం కాదు. ఆపమన్నాక కూడా ఆపకపోతే, ఇవ్వమన్నా సీసా ఇవ్వకపోతే అప్పుడు నేరం. మా నాన్నలాంటి మనిషి ఆ ఒక్క మాటకే లేచి వెళ్లిపోయేవాడు. ఆయన్ను ఇంటికి తేవడానికి ఎనిమిదేళ్ల పిల్ల సరిపోయింది మరి.

ఇప్పుడు ఆ ఒక్క రాత్రి.

నాకు పదమూడేళ్లప్పుడు ఒకరోజు పార్కుకెళ్తే బెంచీ ఖాళీ. టైపిస్టు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "తీసుకెళ్లారమ్మా" అన్నారు. ఎవరు, ఎక్కడికి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అమ్మ తెల్లవార్లూ వీధి తలుపు గడియ పెట్టకుండా కూర్చుంది. ఉదయం తొమ్మిదింటికి నాన్న వచ్చాడు. చెప్పులు లేవు. బెల్టు లేక ప్యాంటు ఎడమచేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. ఎవరూ కొట్టలేదన్నాడు, నిజమే అయ్యుంటుంది. స్నానం చేసి పడుకున్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడో రోజు మళ్లీ తాగాడు, కానీ పార్కులో కాదు. ఎక్కడో మాకు తెలియలేదు. నేను పార్కంతా వెతికాను, బస్‌స్టాపు వెనక చూశాను. వారం తర్వాత టైపిస్టు గారే చెప్పారు, పెద్ద కాలవ మీది కల్వర్టు కింద కూర్చుంటున్నాడని. దీపం లేదు, మనుషుల నడక లేదు. అమ్మ నన్ను అక్కడికి పంపలేదు. అలా నా డ్యూటీ పోయింది. ఒకసారి అక్కడే జారి పడి కాలరెముక విరగ్గొట్టుకుని, ఎవరికీ కనపడక తెల్లారేదాకా నీళ్లలో కూర్చున్నాడు. పార్కులో పడి ఉంటే పది నిమిషాల్లో ఎవరో ఒకరు చూసేవాళ్లు.

మీ పాఠకుడు అన్న "జన్మలో మళ్లీ ముట్టరు" అన్న మాటకు మా ఇంట్లో దొరికిన జవాబు ఇది. మా ఇల్లొక్కటే అనుకుంటే, అమెరికాలో లెరాయ్ పావెల్ అనే ఆయన కేసుంది. టెక్సాస్‌లో బూట్లు పాలిష్ చేసి బతికేవాడు. బహిరంగంగా తాగి ఉన్నందుకు ఆయనకు సుమారు వందసార్లు శిక్ష పడింది. ఆఖరికి 1968లో కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాగుడు ఒక జబ్బు, జబ్బున్నందుకు శిక్షిస్తారా అన్నది వాదన. జడ్జీల్లో ఐదుగురు అటు, నలుగురు ఇటు. శిక్ష తాగుడు జబ్బుకు కాదు, తాగి నలుగురిలోకి వచ్చినందుకు అని శిక్షను ఖరారు చేశారు. ఆ ఐదుగురిలో ఒకరైన బైరన్ వైట్ విడిగా రాసిన అభిప్రాయంలో ఒక చిక్కు ఎత్తి చూపారు: ఇల్లే లేని తాగుబోతు నలుగురి కంటా పడకుండా ఎక్కడికి పోతాడు?

బెంచీ మీది మూడో మనిషి అందుకే గుర్తున్నాడు. నాన్న చెయ్యి పట్టుకుని నేను లేపగానే అతను బెంచీ అంతా తనదైనట్టు కాళ్లు చాపుకునేవాడు. "పాపా, రేపు కాస్త ముందు రా, నిద్రొస్తోంది" అని నవ్వేవాడు. అతను తాగేది, తినేది, పడుకునేది అక్కడే. డబ్బున్నవాళ్లకు అదే ఫుట్‌పాత్ మీద కుర్చీలు, గొడుగులు వేసి గ్లాసుల్లో పోసిస్తారు, దానికి లైసెన్సు ఉంటుంది. నాలుగడుగుల దూరంలో కింద కూర్చున్నవాడి మీద కేసు. హద్దు పెట్టాలని గట్టిగా అడుగుతున్న నాకే ఈ తేడా గొంతులో ముల్లులా ఉంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కనీసం అతన్ని జరిమానా కట్టలేదని జైలుకు పంపకండి అనే చెప్పగలను.

ఆసుపత్రి వైపు నుంచి కూడా ఒక రాత్రి చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఒక కానిస్టేబుల్ కుర్రాడు, ఒక ఆటో డ్రైవరు కలిసి నడివయసు మనిషిని మోసుకొచ్చారు. "తాగి పడిపోయాడు మేడం, రాత్రి తొమ్మిదికి తెచ్చాం, ఇంకా మత్తు దిగలేదు" అన్నాడు ఆ కుర్రాడు. వాసన గుప్పున కొడుతోంది. ఇలాంటివాళ్లు వస్తే మేం మొదట వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తాం. షుగర్ పడిపోయినా మనిషి తాగినట్టే తూలతాడు, మాట ముద్దగా వస్తుంది. షుగర్ బాగానే ఉంది. రెప్పలెత్తి టార్చి వేస్తే ఎడమ కంటి పాప పెద్దదిగా ఉంది, వెలుతురుకు కదలట్లేదు. తల తడిమితే చెవి వెనక వాపు. పట్టుకోకముందే ఎక్కడో పడ్డాడు. తలలో రక్తం చేరుతుండగా ఏడు గంటలు సిమెంటు గచ్చు మీద ఉన్నాడు.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. రాత్రి రెండుసార్లు ఊచల్లోంచి తొంగి చూశాడట. గురక వినిపించింది కాబట్టి నిద్రపోతున్నాడనుకున్నాడు. స్పృహ లేని మనిషికి నాలుక వెనక్కి పడి శ్వాసకు అడ్డం వచ్చినా గురకలాగే వినిపిస్తుంది. ఆ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. ఆపరేషనయ్యింది, ఆయన బతికాడు. కుడి చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. ఆ కుర్రాడు వారం తర్వాత వచ్చి వార్డు బయట నుంచే చూసి వెళ్లాడు.

తాగినవాణ్ని పడుకోబెడితే అదే దిగుతుందిలే అనుకుంటారు. చివరి గుక్క తర్వాత కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. తెచ్చినప్పుడు నడిచిన మనిషి గంట తర్వాత పలక్కపోవచ్చు. వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తులో దగ్గి బయటికి తోసే శక్తి ఉండదు. చన్నీళ్లు కొడితే, చెంపలు వాయిస్తే దిగేది ఏమీ లేదు. లివరు తన లెక్కన తను పనిచేస్తుంది, ఎవరూ తొందరపెట్టలేరు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ని రెండు మూడు రోజులు లోపల పెడితే ఇంకో ప్రమాదం. ఒక్కసారిగా మందు ఆగిపోతే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది, రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేని మనుషులు కనపడటం, జ్వరం, కలవరింత. సరైన మందులు పడకపోతే దాంతో చనిపోతారు కూడా. చూసేవాళ్లకు నటిస్తున్నాడనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలో తాన్యా డే అనే ఆదివాసీ మహిళ 2017 డిసెంబర్‌లో రైల్లో నిద్రపోయారు. టికెట్ చూడటానికి వచ్చినవాళ్లు పోలీసులను పిలిచారు. బహిరంగంగా తాగి ఉన్నందుకు అరెస్టు చేసి సెల్‌లో పెట్టారు. ఆమె అక్కడ పడి తలకు దెబ్బ తగిలింది, పదిహేడు రోజులకు ఆసుపత్రిలో చనిపోయారు. ఈ నేరాన్నే చట్టాల పుస్తకాల్లోంచి తీసేయమని 1991లోనే అక్కడి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, చెప్పింది. ఆమెను అరెస్టు చేసిన విక్టోరియా రాష్ట్రం తీసేసింది 2023 నవంబర్‌లో. ఆమె పిల్లలు పోరాడితే తీసేశారు.

నేరం తీసేస్తే తాగి పడిపోయినవాణ్ని ఎవరు చూడాలి? రష్యాలో సోవియట్ కాలంలో దీనికోసం ప్రత్యేకంగా గదులుండేవి. ఆ కాలంలో మొదటిది 1931లో లెనిన్‌గ్రాడ్‌లో పెట్టారు. మనిషిని తెచ్చి, పరీక్ష చేసి, మత్తు దిగేదాకా మంచం మీద ఉంచి పంపేవారు. వాటి పేరు అంత మంచిగా ఏమీ లేదు. అక్కడ దోపిడీలు, దెబ్బలు ఉండేవని ఆ దేశంవాళ్లే చెప్పుకుంటారు. 2011లో మూసేశారు, తర్వాత మళ్లీ తెరవడానికి చట్టం చేసుకున్నారు. పోలండ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని అచ్చంగా తెచ్చుకోమనడం లేదు. ఒక గది, నాలుగు మంచాలు, అరగంటకోసారి పక్కకు తిప్పి, పలకరించి, కళ్లల్లో టార్చి వేసి చూసే మనిషి ఒకరు, షుగర్ చూసే చిన్న మిషను. పోలీసు అక్కడ దింపి సంతకం పెట్టి వెళ్లిపోవాలి. ఇవి లేకుండా నిషేధం ఒక్కటే పెడితే ఆ భారం మోసేది ఆ కానిస్టేబుల్ కుర్రాడు, మోయలేక మా దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, తెల్లవారుజామున నాలుగింటికి.

మన చట్టంలో కూడా ఒక సంగతి గమనించాను. పాత శిక్షాస్మృతిలో 510వ సెక్షన్ ఉండేది. తాగి నలుగురిలోకి వచ్చి ఇబ్బంది పెడితే ఇరవై నాలుగు గంటల దాకా జైలు, లేదా పది రూపాయల దాకా జరిమానా. 1860 నాటి పది రూపాయలు అలాగే ఉండిపోయాయి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 355వ సెక్షన్ అయింది. జరిమానా వెయ్యి దాకా పెంచారు, సమాజ సేవ అనే శిక్ష కొత్తగా చేర్చారు. ఈ సెక్షన్ పట్టుకునేది తాగుడును కాదు, తాగి ఇతరులను ఇబ్బంది పెట్టడాన్ని. సమాజ సేవ అన్న మాట చూసి నేను సంతోషించాను. పార్కులో గోల చేసినవాణ్ని మత్తు దిగాక, పొద్దున్నే, పూర్తి తెలివితో, గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు గాజు పెంకులు ఏరమనండి. కావాలంటే నా గ్లౌజులు ఇస్తాను. లాకప్‌లో ఒక రాత్రికంటే అదే గట్టిగా గుర్తుంటుందని నా అనుమానం. నర్సులం కదా, మాకు కాస్త కక్ష కూడా ఉంటుంది.

కాబట్టి నేనడిగేది ఇదీ. పిల్లలు ఆడే చోట, బస్సు కోసం నిలబడే చోట, బండ్లలో, రైళ్లలో ఎప్పుడూ వద్దు. మిగతా చోట్ల రాత్రి ఇన్ని గంటల తర్వాత వద్దని చెప్పండి, చెప్పింది బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి. గాజు ఎక్కడా వద్దు. సీసా లాక్కుని పారబోయండి, మాట వినకపోతే జరిమానా వేయండి, పని చేయించండి. నిలబడలేని మనిషి దొరికితే మాత్రం అది పోలీసు కేసు కాదు, మా కేసు. మా దగ్గరికి పంపండి. మేం విసుక్కుంటాం, ఒక్కోసారి తిడతాం కూడా, కానీ తల తడిమి చూస్తాం.

నాన్న తాగుడు మానలేదు. యాభై తొమ్మిదో ఏట లివరు పాడై పోయారు. ఆఖరి నెల ఆసుపత్రిలోనే, నా వార్డు పై అంతస్తులో. ఒకరోజు మగతగా ఉండి కూడా నా చెయ్యి పట్టుకుని లేవబోయారు, చీకటి పడుతోంది, ఇంటికి పోదాం పద అని. నాకప్పుడు ముప్ఫై రెండేళ్లు.

ఆ లేఖ రాసిన పాఠకుడికి ఒక్క విన్నపం. ఈసారి పార్కులో ఎవరైనా పడిపోయి కనిపిస్తే ముందు భుజం తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోరు కిందికి వంగి ఉండేలా. తల కింద ఏమీ పెట్టకండి, తాగడానికి ఏమీ పోయకండి. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా శ్వాస చూస్తూ అక్కడే ఉండండి. గురక పెడుతున్నా సరే.

నా పేరు, ఊరు వేయవద్దు. అమ్మ ఇంకా రోజూ మీ పేపరు చదువుతుంది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు